రోజుకి ప్లాను ఉండాలి, తోచింది చేసే వీలూ ఉండాలి: ఎలా?

ప్రశ్న: ఇంటి నుంచే అనువాదం పని చేస్తాను. పనులు జారిపోతున్నాయని రెండు నెలలుగా రోజును అరగంటల లెక్కన రాసుకుంటున్నాను. పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా ఒక్క గడి ఖాళీ ఉండదు. పదకొండయ్యేసరికి ఆ కాగితం ఒక దారి, నేనొక దారి. ఇక ఆ రోజు పోయినట్టే అనిపిస్తుంది. పోనీ రాసుకోకుండా ఉంటే, సాయంత్రానికి ఏం చేశానో నాకే తెలియదు. ఇంకో బాధ కూడా ఉంది. స్నేహితురాలు ఉన్నట్టుండి ఫోన్ చేసి 'బయటికి వస్తావా' అంటే సంతోషం పోయి చిరాకు వస్తోంది. బొమ్మలు వేయడమంటే నాకు ప్రాణం. దాన్ని కూడా 'ఆదివారం 4 నుంచి 5' అని రాసుకున్నాక అదీ ఓ డ్యూటీ అయి కూర్చుంది. తోచినప్పుడు తోచింది చేసే స్వభావం నాది. పనులు సవ్యంగా జరగాలంటే దాన్ని వదులుకోవాల్సిందేనా? ఒక మంగళవారం కాగితం ఫొటో తీసి పంపుతున్నాను. తా.క. ఇవన్నీ కాగితం మీద రాయడం మంచిదా, ఫోన్‌లోనా?
— ఒక పాఠకురాలు

సమాధానం: వదులుకోనక్కర్లేదు. కాగితం పదకొండింటికల్లా చెదరడానికీ, స్నేహితురాలి ఫోన్ చిరాకు తెప్పించడానికీ, బొమ్మలు డ్యూటీ అవడానికీ మూలం ఒకటే. మీరు ప్రతి పనికీ గడియారం తగిలించారు. నిజానికి టైము కావలసిన పనులు రోజుకి రెండో మూడో ఉంటాయి. కొన్నిటికి వరుస చాలు. ఇంకొన్నిటికి వరుస కూడా అక్కర్లేదు.

ముందు మీ మంగళవారం సంగతి చూద్దాం. "9–11 అనువాదం, 8 పేజీలు. 11–11.30 మెయిళ్లు. 11.30–12.30 బ్యాంకు." పేజీకి 250 పదాలే వేసుకున్నా 8 పేజీలంటే 2,000 పదాలు. చేయి తిరిగిన అనువాదకులకైనా మామూలుగా 2,000 నుంచి 3,000 పదాలంటే పూర్తి రోజు పని. ఈ సంగతి మీకు తెలియంది కాదు. అయినా ఎనిమిది అని రాశారంటే అది అంచనా వేసి రాసిన అంకె కాదు, ఆశపడి రాసింది. ఆ రెండు గంటల్లో రెండున్నర పేజీలు చేస్తే మీరు బాగా పనిచేసినట్టే. కాగితం మాత్రం ఐదున్నర పేజీలు బాకీ అంటుంది. రోజు పోయిందన్న మీ భావనకి పుట్టుక అక్కడే.

ఇది మీ ఒక్కరి జబ్బు కాదు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు చివరి ఏడాది విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్లలో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్నాళ్లు పడుతుందని అడిగితే 49 అన్నారు. నిజంగా పట్టింది 55 పైచిలుకు. చెడు ఊహించమని అడిగినా అంచనా సరిపోలేదన్నమాట. కారణం కూడా వాళ్లే చూపించారు. అంచనా వేసేటప్పుడు మనం ఈ పని ఎలా సాగుతుందో కళ్లముందు ఊహించుకుంటాం తప్ప, ఇలాంటి పని పోయినసారి ఎంతసేపు పట్టిందో వెనక్కి తిరిగి చూడం.

అందుకని మొదటి వారం ఏమీ మార్చకండి. ప్రతి పని పక్కనా రెండు అంకెలు మాత్రం వేయండి. మొదలుపెట్టే ముందు అనుకున్న నిమిషాలు, అయ్యాక పట్టిన నిమిషాలు. వారం చివర పనులను రకాలుగా విడదీసి, రెండో మొత్తాన్ని మొదటి మొత్తంతో భాగించండి. అనువాదానికి 1.4 రావచ్చు, మెయిళ్లకి 2 రావచ్చు. గడప దాటి చేసే పనులకు సాధారణంగా ఇంకా ఎక్కువే వస్తుంది. బట్టలు మార్చుకోవడం, ప్రయాణం, క్యూ, తిరిగొచ్చి మళ్లీ కుదురుకోవడం ఎవరూ లెక్కలో వేయరు కదా. ఇక మీదట ఏ అంచనా వేసినా దాని రకం అంకెతో హెచ్చించి రాయండి. అన్నిటికీ కలిపి ఒకే అంకె పెట్టుకుంటే ఉపయోగం లేదు. ఒక రకానికి కావలసినదానికన్నా ఎక్కువ టైము రాసి, ఇంకో రకంలో మళ్లీ పాత పొరపాటే చేస్తారు.

రెండో లోపం, ఖాళీ అన్నదే లేకపోవడం. దీని వెనక ఓ లెక్క ఉంది. ఒకే కౌంటరు ఉండి, మనుషులు ఎప్పుడు వస్తారో, ఒక్కొక్కరి పనికి ఎంత పడుతుందో ముందుగా తెలియనప్పుడు ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే సాదా సూత్రం అది. కౌంటరు సగం సేపు మాత్రమే పనిలో ఉంటే, వచ్చినవాడు సగటున ఒక మనిషి పనికి పట్టేంత సేపు నిలబడాలి. 80 శాతం పనిలో ఉంటే నాలుగింతలు, 90 శాతమైతే తొమ్మిదింతలు, 95 శాతమైతే పంతొమ్మిదింతలు. నిండుతున్న కొద్దీ ఆలస్యం మెల్లగా పెరగదు, చివర్లో ఒక్కసారిగా ఎగబాకుతుంది. మీ కాగితం నూటికి నూరు శాతం నిండి ఉంది. తొమ్మిదిన్నరకి వచ్చిన పది నిమిషాల ఫోన్ రాత్రి పదింటి దాకా ప్రతి గడినీ పది నిమిషాలు తోసుకుంటూ పోతుంది. దాన్ని మింగేసే ఖాళీ మధ్యలో ఎక్కడా లేదు.

ఇప్పుడు రెండో వారం. గడుల కాగితం మానేసి, ఒక కాగితాన్ని సగానికి చింపి ఆ సగం మీదే రాయండి. చోటు తక్కువుంటే చెయ్యలేనంత రాయలేరు, దానికే ఈ చింపడం. దాని మీద మూడు గుంపులు.

పైన గడియారం పనులు. ఏది ఇందులోకి వస్తుందో తేల్చడానికి ఒక ప్రశ్న చాలు: పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరికైనా నష్టమా? క్లయింటు కాల్‌కి నష్టం. బ్యాంకు మూసేస్తే నష్టం. మెయిళ్లు 11కి కాక 11.40కి చూస్తే ఎవరికీ ఏమీ కాదు, కాబట్టి దానికి టైము రాయకండి.

మధ్యలో వరుస పనులు. రెండు, మహా అయితే మూడు. టైము ఉండదు, ఏది ముందో ఏది వెనకో మాత్రమే ఉంటుంది. రాసే తీరు ముఖ్యం. "అనువాదం" అని రాస్తే కూర్చున్నాక ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోవాలి, ఆ వెతుకులాటలోనే చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. "మూడో అధ్యాయం, 41వ పేజీ రెండో పేరా నుంచి 45 చివరి దాకా, 4 గంటలు" అని రాయండి. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపు, ఎంతసేపు, మూడూ ఉండాలి. "బిల్లుల ఫైలు" అనకుండా "పాత బిల్లులు నెలవారీగా విడదీయడం మాత్రమే, 40 నిమిషాలు" అనండి. ఆ 'మాత్రమే' రాయకపోతే, విడదీయడం అయ్యాక ఎంట్రీలు, ఎంట్రీలయ్యాక పాత ఫైళ్లు, ఇలా సాయంత్రం దాకా సాగిపోతుంది.

కింద వీలు చూసి చేసేవి. పావుగంటలోపు తెమిలే చిన్నాచితకా. మెయిళ్లకు జవాబులు, ఒక ఫోన్, బల్బు మార్చడం. ఇవి ఎప్పుడు చేసినా సరే, ఈ రోజు కాకపోయినా సరే. పెద్ద పనికి ముందు మాత్రం వద్దు. టిక్కులు పెట్టుకోవడం హాయిగా ఉంటుంది కాబట్టి, వీటితో మొదలుపెడితే పొద్దుటి ఓపికంతా ఇక్కడే ఖర్చవుతుంది.

వరుస పనులు ఎంతవరకు రాయాలన్నదానికి కొలత ఉంది. ఏడు నుంచి పది దాకా 15 గంటలు. భోజనాలు, స్నానం, ఇంటి పని, కాసేపు నడుం వాల్చడం కలిపి ఐదున్నర అనుకుందాం. గడియారం పనులు ప్రయాణంతో కలిపి గంటన్నర. మిగిలింది 8 గంటలు. అందులో వరుస పనులకు 60 శాతం, అంటే హెచ్చించిన అంచనాల ప్రకారమే 4 గంటల 48 నిమిషాలకు మించకూడదు. పైన రాసిన అనువాదం, బిల్లులు కలిపితే 4 గంటల 40 నిమిషాలు, అక్కడితో ఆపేయండి. మిగతా మూడు గంటల పైచిలుకు ఖాళీగా వదిలేయాలి. మొదట్లో చేతులు ఊరుకోవు, ఇంకో పని రాసేద్దామనిపిస్తుంది. మీరు అడిగిన 'తోచింది చేసే వీలు' అంటే ఆ మూడు గంటలే. అదనంగా ఇంకెక్కడి నుంచో రాదు.

ఇక స్నేహితురాలి ఫోన్. మీకు చిరాకు వస్తున్నది ఆమె మీద కాదు. వెళ్తే ఏం పోతుందో, ఎంత పోతుందో అప్పటికప్పుడు లెక్కేయాల్సి రావడం మీద. ఆ లెక్క ముందురోజే తేల్చి పెట్టుకోవచ్చు. వరుసలో మొదటి పని దగ్గర ఒక చోట అడ్డగీత గీయండి, 43వ పేజీ చివర అనుకోండి. ఈ రోజుకి ఇక్కడిదాకా అయితే చాలని దాని అర్థం. ఆ తర్వాత ఒక షరతు వాక్యం రాయండి: "బయటికి రమ్మని ఫోన్ వచ్చినప్పుడు గీత దాటి ఉంటే వెంటనే సరే అంటాను. దాటకపోతే గీత దగ్గరికి ఎంతసేపట్లో వస్తానో చూసి ఆ టైము చెప్తాను." 'ఇలా జరిగితే ఇది చేస్తాను' అని ముందే కట్టిపెట్టుకున్న నిర్ణయాల మీద మనస్తత్వవేత్త గోల్‌విట్జర్ ఎన్నో ఏళ్లు పనిచేశాడు. 2006లో ఆయనా, షీరన్ అనే ఇంకో పరిశోధకుడూ కలిసి 94 ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే, ఊరికే 'చేయాలి' అనుకున్నవాళ్లకంటే ఇలా కట్టుకున్నవాళ్లు అనుకున్నది సాధించడం స్పష్టంగా ఎక్కువే. అయితే వాక్యంలో సందర్భం కచ్చితంగా ఉండాలి. "వీలైతే వెళ్తాను" అన్నది షరతు కాదు, మళ్లీ అదే తర్జనభర్జన.

లేచి వెళ్లే ముందు ఇంకొక్క నిమిషం. ఎక్కడ ఆపారో, తిరిగొచ్చాక మొట్టమొదట చేసేదేమిటో రెండు లైన్లు రాయండి: "43లో చివరి వాక్యం క్రియ తేలలేదు. వచ్చాక 44 శీర్షిక నుంచి." సగంలో వదిలిన పని మనసులో నలుగుతూ తర్వాతి పనిని పాడుచేస్తుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. తిరిగి ఎలా అందుకోవాలో ఇలా ఒక్క నిమిషం రాసిపెట్టుకుంటే ఆ నలుగుడు తగ్గుతుందని తర్వాత గ్లాంబ్‌తో కలిసి 2018లో చూపించారు. ఈ రెండు లైన్లు రాయకపోతే బయటికి వెళ్తారు గాని, కూర్చున్నంతసేపూ మనసు 43వ పేజీలోనే ఉంటుంది.

ప్లాను తప్పినందుకు మరీ బాధపడుతున్నట్టున్నారు కాబట్టి ఓ ముచ్చట. గంటగంటకీ దినచర్య రాసుకోవడంలో పేరు మోసిన అమెరికా నాయకుడు, అచ్చు వ్యాపారి బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి, తను పెట్టుకున్న నియమాలన్నిటిలోనూ అతి కష్టమైంది క్రమమే. వ్యాపారంలో ఉన్నవాడు తన దగ్గరికొచ్చే మనుషుల వీలుని బట్టి నడుచుకోవాలి గనక అది కుదరడం కష్టమని తనే రాసుకున్నాడు.

బొమ్మల దగ్గర మీరు గమనించింది అక్షరాలా నిజం. 2016లో టోనియెటో, మల్కోచ్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా దీన్నే పరీక్షించారు. సరదా పనికి కచ్చితమైన టైము పెడితే అది పనిలా అనిపించి, అందులోని ఆనందం తగ్గుతోంది. పరీక్షల రోజుల్లో విద్యార్థులకు ఉచిత కాఫీ విరామం ఇచ్చి చూశారు. ఫలానా టైముకని ముందే ఎంచుకున్నవాళ్లు తక్కువ ఆనందించారు. రెండు గంటల వ్యవధిలో ఎప్పుడైనా రావచ్చని చెప్పినవాళ్లకు ఆ నష్టం లేదు. అంటే ప్లాను వేయడం మానక్కర్లేదు, మొదలూ చివరా బిగించకుండా ఉంటే చాలు. 'ఆదివారం 4 నుంచి 5' కొట్టేసి 'ఆదివారం భోజనం తర్వాత ఎప్పుడైనా' అని రాయండి. ఎంతసేపు వేయాలో, ఎన్ని వేయాలో రాయకండి. ఆ పూట గడియారం పనులేవీ పెట్టుకోకండి.

ఈ చివరి మాట తేలిగ్గా తీసుకునేది కాదు. ముందు ఏదో అపాయింట్‌మెంటు కాచుకుని ఉంటే, దానికి ముందున్న ఖాళీ గంట మనకి గంటలా అనిపించదు, కుదించుకుపోతుంది. దీన్ని కూడా ఆ ఇద్దరే ఇంకొకరితో కలిసి 2019లో చూపించారు. 11.30కి బ్యాంకు, 3.30కి కాల్ ఉన్న మంగళవారం మూడు ముక్కలైంది. ఏ ముక్కలోనూ బ్రష్ పట్టబుద్ధి కాదు, అనువాదం కూడా కదలదు. కాల్ 3.30కి కదపలేనిదైతే బ్యాంకు పనిని 2.30కి తెచ్చి రెంటినీ పక్కపక్కన పెట్టండి. పొద్దుటి నుంచి రెండున్నర దాకా ఒకే ముక్కగా మిగులుతుంది.

ఖాళీ వదిలితే ఫోన్ తినేస్తుందన్న భయం మీ ఉత్తరంలో లేదు గాని, వారం తిరిగేలోపు వస్తుంది. చేతికి అందే దూరంలో ఏది ఉంటే అది గెలుస్తుంది, అంతే. సగం కాగితం వెనక వైపు 'తోస్తే' అని రాసి, కింద ఎనిమిదో పదో సరదాలు వేయండి. పావుగంటవి కొన్ని, గంటవి కొన్ని, పూటవి ఒకటి రెండు. వీటికి టిక్కు పెట్టకూడదు, రేపటికి మోయకూడదు, అడగబోయేవాళ్లు లేరు. గంట దొరికినప్పుడు ఏం చేయాలో కొత్తగా పుట్టించుకునే శ్రమ తప్పించడమే దీని ఉద్దేశం. స్కెచ్ పుస్తకం బీరువాలో కాకుండా బల్ల మీద తెరిచి, పెన్సిల్ చెక్కి పక్కన పెట్టండి. ఫోన్‌ని పక్క గదిలో చార్జింగ్‌కి పెట్టండి. సామాను తీసి సర్దుకునే పది నిమిషాలే చాలా సరదాలను పుట్టకముందే చంపుతాయి.

కాగితం ఎప్పుడు రాయాలంటే, ముందు రోజు రాత్రి. పొద్దున రాస్తే ఆ క్షణాన తల మీదున్న తొందరే మొదటి పనై కూర్చుంటుంది. పది నిమిషాలకు మించి పట్టకూడదు, పడుతోందంటే ప్లాను వేయడమే పని ఎగ్గొట్టే దారి అయిందని అనుమానించండి. రాత్రి రాయడంలో ఇంకో లాభముంది. 2018లో స్కల్లిన్ బృందం 57 మందిని నిద్ర ప్రయోగశాలలో పరిశీలించింది. పడుకునే ముందు 5 నిమిషాలు రాబోయే పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా.

రోజుకన్నా పెద్ద కొలత కూడా ఒకటి ఉండాలి. 1981లో కిర్షెన్‌బామ్, ఆయన సహచరులు విద్యార్థుల్లో కొందరి చేత రోజువారీ ప్లానులు, కొందరి చేత నెలవారీ ప్లానులు వేయించారు. చదువు బాగా సాగింది నెలవారీ వాళ్లకి. రోజువారీ ప్లాను ఒక్కరోజు తప్పినా ఓడిపోయినట్టే ఉంటుంది, వెడల్పు ప్లానులో రేపు సర్దుకోవచ్చు. మీరు గడువులతో పనిచేస్తారు కాబట్టి వారం సరిపోతుంది. వారానికోసారి 20 నిమిషాలు కూర్చుని, ఆ వారం ఎన్ని పేజీలు, ఏ రోజులు బరువైనవి, ఏ పూట ఏమీ లేకుండా వదలాలి అన్న మూడూ తేల్చండి. వారానికి 25 పేజీలని ఉంటే, మంగళవారం మూడే అయినా గురువారం పూడ్చుకోవచ్చు.

ఇంత చేసినా కొన్ని రోజులు చెదురుతాయి. చెదిరిందని తెలిసిన నిమిషాన పాత వరుస మీద అడ్డంగా గీత కొట్టి, ఇప్పుడు మిగిలిన గంటలెన్నో లెక్కేసి, దాంట్లో అరవై శాతానికి సరిపడే ఒక్క పనిని గీత కింద కొత్తగా రాయండి. పొద్దుటి బాకీని మధ్యాహ్నం మీదికి ఎక్కించకండి. రోజు పోయిందనుకుని చేతులెత్తేయడం వల్ల పోయే సమయం, అసలు ఆలస్యం వల్ల పోయేదానికన్నా చాలాసార్లు ఎక్కువే.

అలాగే ఒక పని వరుసగా మూడు రోజులు రేపటికి జరుగుతోందంటే నాలుగోసారి దాన్ని అలాగే రాయకండి. పెద్దదైతే 30 నిమిషాల ముక్క ఒకటి విరిచి ఆ ముక్కే రాయండి. ఎవరి జవాబు కోసమో ఆగి ఉంటే వాళ్లని అడగడమే పనిగా రాయండి. చేయాలని లేకపోతే కొట్టేయండి. అలా కొట్టేసినవాటిలో చాలావాటిని మళ్లీ ఎవరూ అడగరు.

మీ తా.క. గురించి: గడియారం పనులు ఫోన్‌లో, మిగతావన్నీ కాగితం మీద. కాగితం మోగదు, కాబట్టి 3.30 కాల్‌కి 3.15కి ఒక అలారం, ఇల్లు దాటాల్సిన పనికి బయల్దేరాల్సిన టైముకి ఒక అలారం పెట్టండి. పని మొదలయ్యే టైముకి పెడితే అది మోగేసరికి మీరింకా ఇంట్లోనే ఉంటారు. వరుస పనులకు మాత్రం అలారాలు వద్దు. వాటిని చూడడానికి ఫోన్ తెరిస్తే ఇంకేం కనిపిస్తుందో మీకు తెలుసు. కొత్త యాప్ ఏదైనా ప్రయత్నించాలనిపిస్తే నాలుగు వారాలు ఆగి చూడండి. అప్పటికి మీ హెచ్చింపు అంకెలు మీ చేతిలో ఉంటాయి, ఏ యాప్‌కైనా అవి మీరే ఇవ్వాలి.